ఒకేసారి మారే అవుట్‌పుట్ పిన్నులు, అవి రేపే రొద: తరచుగా అడిగే ప్రశ్నలు

డిజిటల్ బోర్డులు కట్టేవాళ్ళు, మైక్రోకంట్రోలర్‌తో ప్రాజెక్టులు చేసే విద్యార్థులు, వీఎల్‌ఎస్‌ఐ (చిప్పు డిజైన్) కోర్సులో ఐఓ ప్యాడ్ల (చిప్పుని బయటి పిన్నులకు కలిపే భాగాల) పాఠం దగ్గర ఆగిపోయినవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలివి. వరసగా చదవక్కర్లేదు. తొందరలో ఉన్నవాళ్ళు కూడా కెపాసిటర్ గురించిన ప్రశ్నను మాత్రం వదలొద్దు. ఎక్కువమంది పొరబడేది అక్కడే.

స్విచింగ్ నాయిస్ అంటే ఏమిటి?

పొలాల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టడం చూసే ఉంటారు. కరెంటు పోయి మళ్ళీ వచ్చిందంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు లాగే కరెంటు, తిరిగేటప్పుడు లాగేదానికి ఎన్నో రెట్లు. వోల్టేజి దబ్బున పడిపోతుంది, ఫ్యూజులు పోతాయి. ఏ మోటారూ చెడిపోలేదు, ఏదీ ఎక్కువ లాగలేదు. తప్పల్లా అన్నీ ఒకే క్షణంలో లేవడమే.

చిప్పులోనూ ఇదే తంతు. ఎనిమిది అవుట్‌పుట్ పిన్నులు ఒకేసారి ఒకటి నుంచి సున్నాకి దిగితే, ఆ ఎనిమిది తీగల మీద నిలవున్న చార్జి అంతా ఒకే గ్రౌండ్ పిన్ను గుండా బయటికి పోవాలి. కొన్ని నానో సెకండ్ల పాటు అక్కడ తొక్కిసలాట. ఆ కాసేపు చిప్పు లోపలి గ్రౌండ్ సున్నా దగ్గర నిలవదు, ఎగిరి పడుతుంది. దీన్నే గ్రౌండ్ బౌన్స్ అంటారు. పిన్నులు సున్నా నుంచి ఒకటికి ఎక్కితే ఇదే వ్యవహారం సప్లై వైపు జరుగుతుంది, లోపలి వీసీసీ, అంటే సప్లై వోల్టేజి, కుంగుతుంది. రెండూ కలిపి స్విచింగ్ నాయిస్.

గ్రౌండ్ అంటే సున్నా వోల్టులే కదా, పైకెలా లేస్తుంది?

ఏ గ్రౌండ్ అన్నదే ఇక్కడ ప్రశ్న. బోర్డు మీద రాగి పరుపులా పరుచుకున్న గ్రౌండ్ ఒకటి. సిలికాన్ ముక్క మీద ట్రాన్సిస్టర్లకు అందే గ్రౌండ్ ఇంకొకటి. ఈ రెంటినీ కలిపేది వెంట్రుక కన్నా సన్నని బాండ్ వైరు, దాని తర్వాత ప్యాకేజీ కాలు. ఏ తీగకైనా కొంత ఇండక్టెన్స్ ఉంటుంది. బాండ్ వైరుకైతే మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ లెక్క వేసుకోవచ్చు. ఇండక్టర్‌లో కరెంటు నిలకడగా పారితే ఏ గొడవా లేదు. మారుతుంటేనే దాని మీద వోల్టేజి పుడుతుంది. ఎంత త్వరగా మారితే అంత ఎక్కువ.

చిప్పు తన సున్నాను, ఒకటిని కొలుచుకునేది లోపలి గ్రౌండ్‌తో పోల్చుకునే. ఆ కొలబద్దే ఊగితే, కదలకుండా సున్నా దగ్గర ఉండాల్సిన పిన్ను కూడా బయటివాళ్ళకి ఊగుతున్నట్టే కనిపిస్తుంది. పడవలో కూర్చున్నవాడు తను కదలడం లేదనుకుంటాడు, గట్టు మీదివాడికి కదలిక తెలుస్తూనే ఉంటుంది.

అంకెలతో ఒకసారి చూపిస్తారా?

పాత పద్ధతి 20 కాళ్ళ డిప్ ప్యాకేజీ (రెండు పక్కలా వరసగా కాళ్ళున్న చిప్పు) తీసుకుందాం. మూలనున్న గ్రౌండ్ కాలి ఇండక్టెన్స్ సుమారు 10 నానోహెన్రీలు. సప్లై 5 వోల్టులు, ఒక్కో పిన్ను మీద లోడు 20 పికోఫారడ్లు, అవుట్‌పుట్ దిగడానికి పట్టే సమయం 5 నానో సెకండ్లు అనుకోండి.

ఒక్కో పిన్ను మీద ఉన్న చార్జి 20 పికోఫారడ్లు ఇంటూ 5 వోల్టులు, అంటే 100 పికోకూలుంబులు. అది 5 నానో సెకండ్లలో ఖాళీ కావాలి కాబట్టి సగటు కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు. కరెంటు సున్నాలో మొదలై, పైకెక్కి, మళ్ళీ సున్నాకి దిగుతుంది. త్రిభుజంలా గీసుకుంటే శిఖరం 40 మిల్లీ ఆంపియర్లు, అక్కడికి చేరేది రెండున్నర నానో సెకండ్లలో. అంటే కరెంటు నానో సెకండుకు 16 మిల్లీ ఆంపియర్ల చొప్పున పెరుగుతోంది. ఎనిమిది పిన్నులకి 128. దాన్ని 10 నానోహెన్రీలతో గుణిస్తే 1280 మిల్లీ వోల్టులు, అంటే 1.28 వోల్టులు.

టీటీఎల్ అనే పాత లాజిక్ రకం ఇన్‌పుట్‌కి 0.8 వోల్టుల లోపు ఉంటేనే సున్నా కింద లెక్క. మనకి వచ్చింది 1.28. నిజం బోర్డులో ఇంత రాకపోవచ్చు, ఎందుకంటే లోపలి గ్రౌండ్ లేచినకొద్దీ ట్రాన్సిస్టర్‌కి అందే గేట్ వోల్టేజి తగ్గి, అది తనంతట తానే కాస్త నెమ్మదిస్తుంది. అయినా వోల్టు దాకా పోవడం మామూలే.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. దిగే సమయాన్ని 5 నుంచి 10 నానో సెకండ్లకి పెంచండి. శిఖరం 20 మిల్లీ ఆంపియర్లకి పడిపోతుంది, అక్కడికి చేరడానికి 5 నానో సెకండ్లు పడుతుంది. పెరుగుదల నానో సెకండుకు 4 మిల్లీ ఆంపియర్లే. ఎనిమిది పిన్నులకి 32, పదితో గుణిస్తే 320 మిల్లీ వోల్టులు. వేగం సగమైతే రొద నాలుగో వంతైంది. కింద చెప్పే చిట్కాల్లో సగానికి పైగా ఈ లెక్క మీదే నిలబడ్డాయి.

నా క్లాక్ 1 కిలోహెర్ట్జే. నాకెందుకీ గోల?

క్లాక్ ఎంతన్నది కాదు, అంచు, అంటే సిగ్నల్ సున్నాకీ ఒకటికీ మధ్య మారే చోటు, ఎంత నిటారుగా ఉందన్నది ముఖ్యం. సెకనుకు ఒకసారి ఎల్‌ఈడీ వెలిగించే పిన్నైనా సరే, అది 1 నానో సెకండులో ఎగబాకితే ఆ క్షణంలో వందల మెగాహెర్ట్జ్ దాకా శక్తి పుడుతుంది. 0.35ని ఎక్కే సమయంతో భాగిస్తే వచ్చే ఫ్రీక్వెన్సీ దాకా ఆలోచించాలని ఒక మోటు సూత్రం ఉంది. 1 నానో సెకండుకి అది 350 మెగాహెర్ట్జ్. క్లాక్ తగ్గిస్తే రొద తక్కువసార్లు వస్తుంది, అంతే. వచ్చినప్పుడు వచ్చేది మాత్రం అంతే ఎత్తున వస్తుంది. పైగా అరుదుగా వచ్చే తప్పును పట్టుకోవడం ఇంకా కష్టం.

ప్రతి చిప్పు పక్కనా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. అయినా తగ్గలేదేం?

తగ్గదు. ఎందుకో బొమ్మ గీసుకుంటే అర్థమవుతుంది.

అవుట్‌పుట్ ఒకటి నుంచి సున్నాకి దిగేటప్పుడు కరెంటు దారి చూడండి. లోడు కెపాసిటెన్స్‌లోని చార్జి తీగ వెంట పిన్నులోకి వస్తుంది, కింది ట్రాన్సిస్టర్ గుండా లోపలి గ్రౌండ్‌కి, అక్కడి నుంచి బాండ్ వైరు, కాలు దాటి బోర్డు గ్రౌండ్‌కి, మళ్ళీ లోడు దగ్గరికి. ఈ చుట్టులో మీ 0.1 మైక్రోఫారడ్ ఎక్కడుంది? అసలు లేదు. అది కాలికి బయట, వీసీసీకీ గ్రౌండ్‌కీ మధ్య కూర్చుంది. రొద పుట్టేది కాలికి లోపల. ఇంట్లో పైపు సన్నగా ఉంటే డాబా మీద ఎంత పెద్ద ట్యాంకు కట్టినా కుళాయిలో ధార పెరగదు కదా.

కెపాసిటర్ వద్దని కాదు, తప్పకుండా కావాలి. అవుట్‌పుట్‌లు పైకెక్కేటప్పుడు సప్లై వైపు కరెంటు అందించేది అదే, అది లేకపోతే బోర్డు అంతటా వీసీసీ ఊగుతుంది. దానికీ హద్దుందని గుర్తుంటే చాలు. 0.1 మైక్రోఫారడ్‌కి బోర్డు మీద అతికించాక మొత్తం 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ వచ్చిందనుకుంటే, దాని రెజొనెన్స్ సుమారు 16 మెగాహెర్ట్జ్ దగ్గరే. ఆ పైన అది కెపాసిటర్‌లా కాక ఇండక్టర్‌లా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. అందుకే కెపాసిటర్ విలువ గురించి వాదించుకునే బదులు కెపాసిటర్ ప్యాడ్ నుంచి వయా (బోర్డు పొరలను కలిపే రంధ్రం) దాకా ఉన్న ట్రాక్‌ను పొట్టిగా చేయండి. చిన్న సైజు కెపాసిటర్, పక్కనే వయా, కిందే గ్రౌండ్ ప్లేన్. ఈ మూడూ కుదిరాయంటే విలువ 0.1 అయినా 0.22 అయినా పెద్ద తేడా ఉండదు.

నా బోర్డులో వస్తున్న తప్పు ఇదేనని ఎలా నిర్ధారించుకోవాలి?

మొదటి ఆనవాలు: తప్పు డేటాను బట్టి వస్తుంది. కొన్ని బిట్లు మారినప్పుడు అంతా బాగుంటుంది, అన్నీ ఒకేసారి మారినప్పుడే చెడుతుంది.

నాకు తగిలిన మొదటి దెబ్బ చెబుతాను. ఎనిమిది బఫర్లు (సిగ్నల్‌ను బలంగా ముందుకి పంపే గేట్లు) ఉన్న 74హెచ్‌సీ244 కావాలి. కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే ఆ రోజు హెచ్‌సీ దొరకలేదు, 74ఏసీ244 దొరికింది. పిన్నులన్నీ అవే, పైగా ఇంకా ఫాస్టు అని సంతోషంగా తెచ్చి పెట్టేశాను. ఏడు బఫర్ల మీద డేటా, ఎనిమిదో దాని మీద అవతలి బోర్డులోని ఎల్‌ఎస్ రకం (టీటీఎల్‌లో ఒకటి) లాచ్‌కి, అంటే క్లాక్ వచ్చినప్పుడు డేటాని పట్టి ఉంచే చిప్పుకి, క్లాక్. డిస్‌ప్లే మీద అక్షరాలు బాగానే వస్తున్నాయి, కానీ నిండు గడి వెంటనే ఖాళీ గడి వస్తే మాత్రం ఒక వరస చెత్త. రెండు రోజులు ప్రోగ్రాములో తప్పు వెతికాను. చివరికి ఆసిలోస్కోపు తెచ్చి క్లాక్ తీగ మీద పెడితే, సున్నాలో పడుకుని ఉండాల్సిన తీగ మీద ఒకటిన్నర వోల్టు ఎత్తున సన్నని ముల్లు. ఏడు డేటా బిట్లూ ఒకటి నుంచి సున్నాకి దిగిన ప్రతిసారీ అది లేస్తోంది. ఎల్‌ఎస్ లాచ్ గడప (సున్నాని ఒకటిగా చూడడం మొదలుపెట్టే వోల్టేజి) 1.4 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. దానికి అది నిజమైన క్లాకే. హెచ్‌సీ చిప్పు తెచ్చి మార్చాక ముల్లు మూడో వంతు కూడా లేదు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చలేదు.

ఈ పరీక్షను మీరూ చేయొచ్చు. ఒక అవుట్‌పుట్‌ను సున్నా దగ్గర కట్టిపడేయండి, మిగతావాటన్నిటినీ కలిపి ఆడించండి, కట్టేసిన దాని మీద స్కోపు పెట్టండి. అక్కడ కనిపించేదే చిప్పు లోపలి గ్రౌండ్ ఊగులాట. కదలని పిన్ను లోపలికి తెరిచిన కిటికీ లాంటిది. కొన్ని లాజిక్ చిప్పుల డేటా షీట్లలో వీఓఎల్‌పీ అని ఒక వరుస ఉంటుంది. సరిగ్గా ఈ పద్ధతిలో కొలిచిన శిఖరమే అది.

ఒక జాగ్రత్త. స్కోపు ప్రోబుకి వేలాడే మొసలి క్లిప్పు గ్రౌండ్ తీగతో ఇది కొలవకండి. ఆ 15 సెంటీమీటర్ల తీగ ఇండక్టెన్స్ దాదాపు 150 నానోహెన్రీలు. ప్రోబు మొన దగ్గరి 10 పికోఫారడ్లతో కలిసి అది 130 మెగాహెర్ట్జ్ దగ్గర తనే మోగుతుంది. మీరు చూసేది చిప్పు రొదో, ప్రోబు రొదో తెలియదు. ప్రోబు డబ్బాలో వచ్చే చిన్న స్ప్రింగు వాడండి. చాలామంది దాన్ని ఏమిటో తెలియక పారేస్తారు.

సరే, ఉందని తేలింది. మొట్టమొదట ఏం చేయాలి?

నెమ్మదించండి. మీ పనికి ఎంత వేగం కావాలో లెక్క వేసి, అంతకన్నా చురుకైన చిప్పు వాడుతుంటే దించండి.

లాజిక్ చిప్పులైతే కుటుంబం మార్చడమే మార్గం. ఏసీ రకం అవుట్‌పుట్ 24 మిల్లీ ఆంపియర్లు నడపగలదు, హెచ్‌సీ బస్ డ్రైవర్ (డేటా తీగల గుంపుని నడిపే రకం) 6. కొన్ని మెగాహెర్ట్జ్ పనికి హెచ్‌సీ చాలు. 74ఎల్‌వీసీ2244 లాంటి రకాల్లో ఒక్కో అవుట్‌పుట్‌లో సుమారు 30 ఓమ్‌ల రెసిస్టర్ చిప్పులోనే కట్టి వస్తుంది. బయట కాంపొనెంట్లు పెట్టే చోటు లేనప్పుడు అవి మంచి బేరం.

వేగం తగ్గించమంటే కొందరికి నామోషీ. నిజానికి ప్రమాణాలు రాసినవాళ్ళే దీన్ని నిబంధనగా పెట్టారు. యూఎస్‌బీ లో స్పీడ్‌లో అంచు 75 నానో సెకండ్ల కన్నా చురుగ్గా ఉండకూడదు. ఫుల్ స్పీడ్‌లో 4 నానో సెకండ్లు. ఆర్‌ఎస్-232లో మైక్రో సెకండుకు 30 వోల్టులు దాటకూడదు. 400 కిలోబిట్ల ఐ-టూ-సీలో కూడా సిగ్నల్ మరీ వేగంగా పడిపోకుండా కింది హద్దు ఉంది.

మైక్రోకంట్రోలర్‌లో ఇది ఎక్కడ మార్చాలి?

ఎస్‌టీఎం32లో ప్రతి పిన్నుకీ స్పీడు సెట్టింగు ఉంటుంది. కొత్త రకాల్లో లో, మీడియం, హై, వెరీ హై అని నాలుగు మెట్లు. పాత ఎఫ్1 రకంలో 2, 10, 50 మెగాహెర్ట్జ్ అని మూడు. అది పిన్ను ఎంత తరచుగా మారాలన్నది కాదు, ఎంత నిటారుగా ఎక్కి దిగాలన్నది. ఎవరి కోడ్ నుంచో కాపీ కొట్టి ఎల్‌ఈడీ పిన్నుకి కూడా వెరీ హై పెట్టిన ప్రాజెక్టులు లెక్కలేనన్ని చూశాను. ఎల్‌ఈడీకి లో చాలు. యూఆర్ట్‌కి లో చాలు. 20 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐకి మాత్రం పైమెట్టు ఎక్కాల్సి రావచ్చు.

ఆర్‌పీ2040 మైక్రోకంట్రోలర్‌లో డ్రైవు (పిన్ను ఇవ్వగల కరెంటు) 2, 4, 8, 12 మిల్లీ ఆంపియర్లు. మొదట్లో ఉండేది 4. స్లూ రేటు (వోల్టేజి మారే వేగం) కూడా మొదట్లో నెమ్మదిగానే పెట్టి ఉంటుంది, ఆ చిప్పు చేసినవాళ్ళు బుద్ధిమంతులు. ఈఎస్‌పీ32లో డ్రైవు సుమారు 5, 10, 20, 40 మిల్లీ ఆంపియర్ల మెట్లలో ఉంటుంది, మొదట్లో 20. పొడుగు తీగలు లేకపోతే ఒక మెట్టు దించి చూడండి.

ఆర్డుయినో యూనోలోని ఏటీమెగా328పీకి ఇలాంటి సెట్టింగు లేదు. దానికి పిన్నుకీ తీగకీ మధ్య వరసలో పెట్టే రెసిస్టరే దిక్కు.

రెసిస్టర్ ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

డ్రైవరుకి ఆనుకుని. తీగ చివర కాదు.

లెక్క సులువు. ట్రాక్ ఇంపెడెన్స్ 50 ఓమ్‌లు, డ్రైవరు సొంత రెసిస్టెన్స్ 20 ఓమ్‌లు అనుకుంటే మిగిలేది 30. దగ్గర్లో దొరికేది 33 ఓమ్‌లు. డ్రైవరు సొంత రెసిస్టెన్స్ తెలియకపోతే డేటా షీట్‌లో ఉన్న, సున్నా ఇచ్చేటప్పటి అవుట్‌పుట్ వోల్టేజిని (వీఓఎల్) అక్కడ ఇచ్చిన కరెంటుతో భాగించండి, అంచనాకి చాలు. 22 నుంచి 47 లోపు ఏది పెట్టినా అసలు లేనిదాని కన్నా చాలా మెరుగు.

ఈ రెసిస్టర్ రెండు పనులు చేస్తుంది. తీగ అవతలి చివర తగిలి వెనక్కి వచ్చే అలను మింగేస్తుంది, అందరికీ తెలిసిన పని అదే. రెండోది, శిఖర కరెంటుకి కళ్ళెం వేస్తుంది. 3.3 వోల్టుల పిన్ను 20 ఓమ్‌లతో 165 మిల్లీ ఆంపియర్లు దాకా తోయగలదు, 33 కలిపితే 62 దగ్గర ఆగిపోతుంది. చిన్న బోర్డులో, తీగలు రెండు అంగుళాలు కూడా లేనిచోట, అలల సంగతి పక్కనపెట్టి ఈ రెండో పని కోసమే నేను పెడతాను. పది పైసల రెసిస్టర్‌ని బోర్డు అచ్చయ్యాక పెట్టలేరు. వేసేటప్పుడే చోటు ఉంచండి, అక్కర్లేదనిపిస్తే సున్నా ఓమ్ పెట్టుకోండి.

ఒకే తీగ మీద దారిపొడుగునా నాలుగు చిప్పులు వేలాడుతుంటే మాత్రం ఈ పద్ధతి నప్పదు. మధ్యలో ఉన్నవాటికి అల వెళ్ళి తిరిగి వచ్చేదాకా సగం వోల్టేజే కనిపిస్తుంది.

ప్రోగ్రాములోనే ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు. ఎనిమిది రిలేలు ఒకే రైట్‌తో వేసే బదులు ఒక్కొక్కటిగా, మధ్యలో ఒకటి రెండు మైక్రో సెకండ్ల విరామంతో వేయండి. ఎవరికీ తేడా తెలియదు. మోటార్లకు ఆటో స్టార్టర్ తీసేసి, చేత్తో ఒకదాని తర్వాత ఒకటి వేసినట్టు.

కౌంటర్ లాంటిది బయటికి పంపాలంటే గ్రే కోడ్ వాడండి. మామూలు బైనరీలో 127 నుంచి 128కి పోయేటప్పుడు ఎనిమిది బిట్లూ తారుమారవుతాయి, గ్రే కోడ్‌లో ఎప్పుడూ ఒక్కటే మారుతుంది.

ఇదే ఆలోచనని పెద్దయెత్తున చేసేది బస్ ఇన్వర్షన్. సగం కన్నా ఎక్కువ బిట్లు మారబోతుంటే, డేటా మొత్తాన్ని తిరగేసి పంపి, తిరగేశానని చెప్పడానికి ఇంకో తీగ మీద ఒక బిట్ పంపడం. 1995లో స్టాన్, బర్ల్‌సన్ అనే ఇద్దరు దీన్ని పవర్ ఆదా కోసం ప్రతిపాదించారు. డీడీఆర్4 మెమరీలో ఇంకోలా వాడతారు. అక్కడ తీగల చివరలు రెసిస్టర్లతో పై వోల్టేజికి కట్టి ఉంటాయి కాబట్టి సున్నా పంపితేనే కరెంటు ఖర్చు. బైట్‌లో నాలుగు కన్నా ఎక్కువ సున్నాలుంటే తిరగేస్తారు. దాంతో కరెంటూ తగ్గుతుంది, ఒకేసారి మారే తీగల సంఖ్యకీ హద్దు పడుతుంది.

చిప్పు డిజైన్ చేసేవాళ్ళు డ్రైవరు లోపల ఏం చేస్తారు?

వీఎల్‌ఎస్‌ఐ వాళ్ళు ఇంటర్వ్యూ ముందు రోజు అడిగే ప్రశ్న ఇది. కాస్త వివరంగానే చెబుతాను.

మొదటిది, పెద్ద ట్రాన్సిస్టర్‌ను ముక్కలు చేయడం. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ వెడల్పు లోపలి గేట్లతో పోలిస్తే వందల రెట్లు ఉంటుంది. దాన్ని ఒకే ముక్కగా ఆన్ చేస్తే కరెంటు ఒక్కసారి దూకుతుంది. అందుకని నాలుగైదు సమాంతర ముక్కలుగా చేసి, వాటి గేట్లను చిన్న రెసిస్టర్ల గొలుసుతో కలుపుతారు. సిగ్నల్ మొదటి ముక్కను తాకాక, కాస్త ఆగి రెండోదాన్ని, ఇంకాస్త ఆగి మూడోదాన్ని లేపుతుంది. ఆన్ చేసేటప్పుడే ఈ మెల్లదనం కావాలి, ఆఫ్ చేసేటప్పుడు అన్నీ వెంటనే ఆగాలి. దానికి ప్రతి ముక్క గేటు దగ్గరా ఆఫ్ చేసే చిన్న ట్రాన్సిస్టర్ వేరుగా పెడతారు.

ఈ ఆఫ్ సంగతి ఎందుకంత ముఖ్యమంటే, పై ట్రాన్సిస్టర్ ఆగకముందే కిందిది లేస్తే సప్లై నుంచి గ్రౌండ్‌కి నేరుగా దారి పడుతుంది. లోడుకి ఒక్క చుక్క అందని దండగ కరెంటు అది, రొద మాత్రం దండిగా. అందుకని పైదానికీ కిందిదానికీ విడివిడిగా ప్రీడ్రైవర్లు (పెద్ద ట్రాన్సిస్టర్ గేటుని నడిపే చిన్న దశలు) పెట్టి, ఒకటి ఆగాకే రెండోది లేచేలా చూస్తారు.

రెండోది, ప్రీడ్రైవర్‌నే బక్కచిక్కించడం. పెద్ద ట్రాన్సిస్టర్ గేటు కూడా ఒక కెపాసిటరే. దాన్ని నింపే కరెంటుని కట్టడి చేస్తే గేటు వోల్టేజి ఏటవాలుగా ఎక్కుతుంది. కొందరు అవుట్‌పుట్ నుంచి గేటుకి చిన్న కెపాసిటర్ కలుపుతారు. అవుట్‌పుట్ మరీ వేగంగా దిగబోతే ఆ కెపాసిటర్ గేటుని వెనక్కి లాగుతుంది. తనకి తానే పగ్గం వేసుకున్నట్టు.

అసలు తలనొప్పి ఇక్కడి నుంచే. ఇవన్నీ ఒక ఉష్ణోగ్రత దగ్గర, ఒక వోల్టేజి దగ్గర సరిచూసుకుంటే చాలదు. చల్లగా ఉండి, సప్లై ఎక్కువై, సిలికాన్ చురుకైన ముక్క అయితే డ్రైవరు రెచ్చిపోతుంది, రొద గరిష్ఠం. వేడిగా ఉండి, సప్లై తక్కువై, సిలికాన్ మందకొడి ముక్క అయితే డ్రైవరు నీరసిస్తుంది, టైమింగ్ తప్పుతుంది. రొదను చురుకు కొసన, టైమింగ్‌ను మందం కొసన చూసుకోవాలి. ఒకదానికి మందు వేస్తే రెండోదానికి రోగం. అందుకే మంచి డ్రైవర్లలో కొలిచి సరిదిద్దుకునే ఏర్పాటు ఉంటుంది. డీడీఆర్3, డీడీఆర్4 మెమరీ చిప్పుకి బయట 1 శాతం ఖచ్చితత్వం ఉన్న 240 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి కడతారు. దాన్ని కొలబద్దగా పెట్టుకుని చిప్పు తన డ్రైవర్లను సరిచేసుకుంటుంది. 34 ఓమ్‌ల డ్రైవరంటే ఆ 240లో ఏడో వంతు.

ఇంటర్వ్యూలో ముక్కలు చేయడం దాకా అందరూ చెబుతారు. చురుకు కొస, మందం కొస గురించి చెప్పినవాడే నిలబడతాడు.

వీసీసీ, గ్రౌండ్ పిన్నులు మూలల్లో ఎందుకు పెట్టారు?

అలవాటు. 14 కాళ్ళ చిప్పులో 7, 14, 20 కాళ్ళ చిప్పులో 10, 20. నెమ్మదైన చిప్పుల కాలంలో ఎవరికీ నష్టం లేదు, బోర్డు మీద సప్లై ట్రాకులు గీయడం తేలిక. కానీ డిప్ ప్యాకేజీలో లోపల అందరికన్నా పొడుగు కాళ్ళు మూలల్లోవే, అంటే ఇండక్టెన్స్ అన్నిటికన్నా ఎక్కువున్నవే.

1980ల్లో ఏసీ రకం వచ్చాక దీని మీద పెద్ద రభస. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 74ఏసీ11000 శ్రేణిలో సప్లై, గ్రౌండ్ పిన్నులను మధ్యకి తెచ్చింది. ఫ్యాక్ట్ క్వైట్ సిరీస్ అనే ఇంకో శ్రేణి పిన్నులను పాతచోటే ఉంచి, అంచులను మెత్తబరిచే దారి పట్టింది. సాంకేతికంగా మధ్య పిన్నులదే న్యాయం. కానీ పాత సాకెట్లో కొత్త చిప్పు గుచ్చుకోవాలన్నది ఇంజినీర్ల ఆశ, మూలలే గెలిచాయి. తర్వాత వచ్చిన 16 బిట్ల చిప్పులు ఆ బాకీ తీర్చాయి. 48 కాళ్ళ 74ఎల్‌వీసీ16244లో ఎనిమిది గ్రౌండ్లు, నాలుగు వీసీసీలు. అంటే రెండేసి అవుట్‌పుట్‌లకి ఒక గ్రౌండ్.

మీరు కనెక్టర్‌కి పిన్నులు కేటాయించేటప్పుడూ ఇదే పాటించండి. 20 తీగల రిబ్బన్ కేబుల్‌లో ఒకే ఒక్క గ్రౌండ్ పెట్టి, అదీ ఒక చివర పెట్టి, రొద వస్తోందని చిప్పుని తిట్టుకుంటే లాభం లేదు.

ఎఫ్‌పీజీఏలో ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే ప్రోగ్రాము చేసుకునే చిప్పు. దానికి ఒక మంచి కిటుకు ఉంది. ఖాళీగా ఉన్న పిన్నులను సున్నా ఇచ్చే అవుట్‌పుట్‌లుగా చేసి, ఉన్నంతలో గట్టి డ్రైవు పెట్టి, బోర్డు మీద గ్రౌండ్‌కి కలిపేయండి. అవి అదనపు గ్రౌండ్ కాళ్ళలా పనిచేస్తాయి. గలాటా చేసే బస్సు పిన్నుల మధ్యన పెడితేనే ఫలం.

బస్సు మొత్తాన్ని ఒకే బ్యాంకులో (ఒకే సప్లై పంచుకునే పిన్నుల గుంపులో) కుక్కకండి, క్లాక్ ఇన్‌పుట్ పక్కన అసలే వద్దు. జైలింక్స్ 7 సిరీస్‌లో మొదట్లో ఉండేది 12 మిల్లీ ఆంపియర్లు, స్లో. టైమింగ్ కుదరనప్పుడే ఫాస్ట్‌కి వెళ్ళండి. జైలింక్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వివాడోలో నాయిస్ రిపోర్టు అని ఒకటి ఉంది, బోర్డు గీయకముందే ఏ బ్యాంకు హద్దు దాటిందో చెబుతుంది.

ఏడీసీ రీడింగు ఆగకుండా ఊగుతోంది. ఇదేనా కారణం?

కావచ్చు. 5 వోల్టుల 10 బిట్ల ఏడీసీలో (వోల్టేజిని అంకెగా మార్చే భాగంలో) ఒక మెట్టు 4.9 మిల్లీ వోల్టులే. 50 మిల్లీ వోల్టుల బౌన్స్ డిజిటల్ వాడికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు, ఏడీసీకి పది మెట్లు. కొలిచే సమయంలో అవుట్‌పుట్ పిన్నులను కదపకుండా ఉంచి చూడండి. ఊగడం ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఏటీమెగా328పీలో ఇందుకోసమే ఏడీసీ నాయిస్ రిడక్షన్ అనే స్లీప్ మోడ్ ఉంది, సీపీయూని నిద్రపుచ్చి కొలుస్తుంది.

గ్రౌండ్ దారిలో ఫెరైట్ బీడ్ పెడితే?

వద్దు. ఇండక్టెన్స్ వల్ల పుట్టిన జబ్బుకి ఇంకో ఇండక్టెన్స్ మందు కాదు.

ఎల్‌వీడీఎస్‌కి మారితే ఈ బాధ ఉండదంటారు, నిజమేనా?

చాలావరకు. ఎల్‌వీడీఎస్ అంటే ఒక్కో సిగ్నల్‌ను రెండు తీగల మీద, తక్కువ వోల్టేజి తేడాతో పంపే పద్ధతి. దాని డ్రైవరు సుమారు 3.5 మిల్లీ ఆంపియర్ల కరెంటుని ఎప్పుడూ పారిస్తూనే ఉంటుంది, దిశ మాత్రం మారుస్తుంది. 100 ఓమ్‌ల మీద 350 మిల్లీ వోల్టులు. సప్లై నుంచి లాగేది దాదాపు మారదు కాబట్టి బాండ్ వైరు మీద పుట్టేది కొద్దిగానే. ఖరీదేమిటంటే సిగ్నల్‌కి రెండు తీగలు, ఖాళీగా ఉన్నా కరుగుతూ ఉండే కరెంటు. బ్యాటరీ మీద నడిచే చిన్న పరికరానికి ఇది బరువే.

మరీ నెమ్మది చేస్తే ఏమవుతుంది?

అవతలివాడికి చిక్కు. గడప దగ్గర సిగ్నల్ తచ్చాడుతుంటే, ఇన్‌పుట్ గేటు ఒకటో సున్నానో తేల్చుకోలేక తనే కంపిస్తుంది, క్లాక్ అయితే ఒక అంచుని రెండుగా లెక్కపెడుతుంది. 74హెచ్‌సీ ఇన్‌పుట్‌కి 4.5 వోల్టుల దగ్గర అంచు 500 నానో సెకండ్లు మించకూడదని డేటా షీట్లు చెబుతాయి. ఎల్‌వీసీ లాంటి చురుకు రకాలకైతే వోల్టుకి 10 నానో సెకండ్లే. అంతకన్నా నెమ్మదైతే ష్మిట్ ట్రిగర్ ఇన్‌పుట్ (ఎక్కడానికో గడప, దిగడానికో గడప ఉన్న ఇన్‌పుట్) ఉన్న చిప్పు పెట్టుకోండి.

బ్రెడ్‌బోర్డు మీద ఇదంతా చూడొచ్చా?

అక్కడ రొద రాకుండా చేయడమే కష్టం. 74హెచ్‌సీ244 ఒకటి, 74ఏసీ244 ఒకటి తెచ్చుకోండి. ఏడు ఇన్‌పుట్‌లను కలిపి ఒక కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇవ్వండి, ఎనిమిదోదాన్ని గ్రౌండ్‌కి కట్టండి. ఒక్కో అవుట్‌పుట్‌కి 22 పికోఫారడ్ల కెపాసిటర్. ఎనిమిదో అవుట్‌పుట్ మీద స్ప్రింగు గ్రౌండ్‌తో ప్రోబు పెట్టండి. ముందు హెచ్‌సీ గుచ్చి తెర మీది ముల్లు ఎత్తు రాసుకోండి, తర్వాత ఏసీ. ఆపై 0.1 మైక్రోఫారడ్లు ఒకటికి మూడు పెట్టి మళ్ళీ చూడండి, ముల్లు ఎంత తగ్గిందో. చివరగా ఏడు అవుట్‌పుట్‌లకీ, కెపాసిటర్లకీ మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్లు దూర్చి చూడండి. నాలుగు కొలతలూ ఒకే కాగితం మీద, తేదీ వేసి రాసుకోండి.